పచ్చికొయ్య బరిణె

“ఆ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టు. అంచు పగిలిపోతాది.”

“ఈ కుంకుమ బరిణె మూత రాకుంటే ఏం చేసేది అవ్వా? పోయినవారం కొన్నింది, అప్పుడే చెడిపోయింది. అంగట్లోకే తిరిగిచ్చి వస్తా.”

“చెడిపోలేదు. నాలుగు దినాలుగా జడివాన పడతాండాది. కొయ్య నీళ్లు తాగి ఉబ్బింది.”

“కొయ్య నీళ్లు తాగేదేంది, అదేమన్నా ఎద్దా? నీకు తెలీదులే, ఇట్టియ్యి.”

“ఈ ఇంట్లో నాకు తెలీకుంటే ఇంకెవురికి తెలుసు?”

“నువ్వేమన్నా చేసినావా ఇట్లాటివి?”

“చేసినా,” అన్నాను.

మనవరాలు నవ్వింది. అది సచివాలయంలో ఉద్యోగం చేస్తుంది, ఎవరేం చెప్పినా కాగితం చూపించమంటుంది. కొడుకు పేపరు దించి ఒకసారి నా వైపు చూసి మళ్లీ పైకెత్తాడు. మదనపల్లెలో ఈ ఇంట్లో ఇన్నేళ్లుగా ఉంటున్నాను. కొళాయి చుక్కలు కారితే అరిచే మనిషిగా, మెతుకు పారేస్తే మొహం చిట్లించే మనిషిగా నేను అందరికీ తెలుసు. ఉలి పట్టిన మనిషిగా ఎవరికీ తెలియదు. నేనే చెప్పలేదు. చెబితే అది ఎలా ముగిసిందో కూడా చెప్పాలి కదా.

బరిణె దాని చేతిలోంచి తీసుకుని బియ్యం డబ్బాలో పూడ్చాను. రెండు రోజులు తీయొద్దన్నాను. చేతికి అంటుకున్న లక్క వాసన మాత్రం సాయంత్రం దాకా పోలేదు. చేయి కడుక్కోవాలని కూడా అనిపించలేదు. నాలుగో తరగతితో బడి మానినదాన్ని, నా రాత సరిగా ఉండదు. అయినా రాసి పెడుతున్నాను.

మా ఊరు పుంగనూరు నుంచి సోమలకు పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉండేది. మా ఇంటి వసారాలో కడసలు ఉండేది. కొయ్యను గుండ్రంగా తిప్పుతూ ఉలితో చెక్కే సాధనాన్ని మా వైపు కడసలు అంటారు. ఇప్పుడవి కరెంటుతో తిరుగుతాయట. అప్పుడు మనిషే తిప్పాలి. రెండు గుంజల మధ్య ఒక ఇరుసు, ఇరుసు తలకు బిగించిన కొయ్యముక్క, ఇరుసు నడుముకు రెండు చుట్లు చుట్టిన తోలుతాడు. ఒకరు ఎదురుగా కూర్చుని ఆ తాడు రెండు కొసలూ పట్టుకుని, మజ్జిగ చిలికినట్టు ఒకసారి కుడిచేత్తో, ఒకసారి ఎడమచేత్తో లాగాలి. కుడిచేత్తో లాగినప్పుడు కొయ్య ఉలి మీదికి వస్తుంది, అప్పుడే కోత. ఎడమచేత్తో లాగినప్పుడు వెనక్కి పోతుంది, అప్పుడు ఉలిని వెంట్రుకంత ఎడంగా పట్టుకోవాలి. చెక్కేవాళ్లూ లాగేవాళ్లూ ఒకే ఊపిరి మీద ఉండాలి. ఒకరు కోపంగా ఉంటే ఆ రోజు పని సాగదు.

చెక్కేది మా తాత. లాగేది మా మేనత్త, తాత కడగొట్టు బిడ్డ. నాకూ ఆమెకూ ఎనిమిదేళ్ల తేడా. మా అమ్మ చంకలో ఎప్పుడూ ఒక పసిబిడ్డ ఉండేది, కాబట్టి నన్ను ఎత్తింది, దువ్వింది, కొట్టింది, నాకు అన్నం కలిపి పెట్టింది అంతా అత్తే. ఆమె తాడు లాగుతుంటే నేను ఆమె వీపుకు ఆనుకుని కూర్చునేదాన్ని. లాగినప్పుడల్లా ఆమె భుజం నా చెంపకు తగిలేది. అలాగే నిద్రపోయేదాన్ని.

మా తాత మంచం కోళ్లు, ఉయ్యాల కమ్మీలు, కవ్వాలు, అప్పడాల కర్రలు, బొంగరాలు చేసేవాడు. ఎక్కువగా పాలచెట్టు కొయ్య వాడేవాడు. తెల్లగా, మెత్తగా ఉంటుంది, కొట్టినచోట పాలు కారుతాయి. పచ్చిది చెక్కితే పచ్చి అనపగింజ నలిపిన వాసన. ఎండింది చెక్కితే ఏ వాసనా ఉండదు, సన్నటి పిండి రాలుతుంది. ఆ తేడా మా ఇంట్లో పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. చెక్కడం అయ్యాక తిరుగుతున్న కొయ్య మీద రంగు లక్క కడ్డీ ఒత్తేవాడు. రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకునేది. మీద మొగలి ఆకు మడిచి రుద్దితే అద్దంలా మెరిసేది. కాలిన లక్క, మొగలి ఆకు, ఇరుసుకు పూసిన ఆముదం, పక్కన పొయ్యి మీద ఉడికే సంగటి. ఇవన్నీ కలిసిన గాలి ఒకటి ఉండేది మా వసారాలో. అది మళ్లీ ఎక్కడా నాకు తగల్లేదు.

నేను చేయని పాడు పని లేదు. తాత చేసిన బొంగరాలు రెండు మూడు పరికిణీలో దాచుకుపోయి బడి దగ్గర చింతకాయలకు మార్చుకునేదాన్ని. ఒకసారి ఎర్ర లక్క కరిగించి అత్త గోళ్లకు పూశాను. ఊడతీయడానికి మూడు రోజులు పట్టింది. మా అవ్వ, అత్త తల్లి, ఇద్దర్నీ కొట్టింది. వేళ్లు కాలినందుకు కాదు, లక్క వృథా అయినందుకు.

అవ్వ గురించి చెప్పాలి. ఉలి నుంచి రాలిన పొట్టు ఒక్క పిడికెడు కూడా బయటకు పోనిచ్చేది కాదు. ముతకది పొయ్యికి, సన్నది దిండ్లకు, పిండిలాంటిది తడి గిన్నెలు తుడవడానికి. మాట కూడా అలాగే వాడేది. రోజుకు ఇన్ని అని లెక్క పెట్టుకుని ఖర్చు చేస్తున్నట్టు ఉండేది.

మా ఇంట్లో ఒక ఆచారం. ఆడబిడ్డ కాపురానికి పోయేటప్పుడు ఇంటి కడసలు మీద చేసిన కుంకుమ బరిణె చేతిలో పెట్టి పంపాలి. అంగడి బరిణెతో పోకూడదు. మూతా అడుగూ ఒకే కొయ్యలోంచి రావాలి. మూత పెడితే కొయ్య మీది చార పైనుంచి కిందికి తెగకుండా కలవాలి. బిగువు కూడా ఇంతే ఉండాలని ఒక లెక్క ఉంది. మూత పట్టి లేపితే బరిణె మొత్తం వెంట రావాలి. చంకలో బిడ్డ ఉన్న ఆడది ఒంటిచేత్తో బొటనవేలు పెట్టి తిప్పితే తెరుచుకోవాలి. ఈ పరీక్ష పెట్టేది అవ్వ. పెద్దత్త బరిణెను తాత చేత రెండుసార్లు తిరగ చేయించిందట.

అత్త పెళ్లి కుప్పం దగ్గరి అబ్బాయితో అయింది. మాఘమాసంలో కాపురానికి పంపాలని అనుకున్నారు. అందుకు నెల ముందు తాత బొటనవేలికి ఉలి జారింది. పుంగనూరు ఆస్పత్రిలో కుట్లు వేసి, చీము పట్టింది కాబట్టి రెండు నెలలు ఆ చేత్తో ఏదీ పట్టుకోవద్దన్నారు. మా నాయన కుప్పం పక్కన రాళ్ల క్వారీలో పని చేసేవాడు, ఆయనకు కడసలు పని రాదు. ఇక బరిణె ఎవరు చేయాలి?

ఆ మాట మీద తాతా అవ్వా రెండు రోజులు పోట్లాడుకున్నారు. సంతలో స్టీలు బరిణె కొనేస్తే పోతుందని అవ్వ. బజారు బరిణెతో తన బిడ్డను పంపనని తాత. చివరికి తాత నన్ను చూపించాడు.

“ఈ పాప చేస్తాది. పుట్టినకాడ్నించి నా చెయ్యే సూస్తాండాది.”

“సూస్తే వస్తాదా? నీ వేలికి పట్టిన గతి దానికీ పట్టల్నా? పెండ్లి కావాల్సిన పిల్ల.”

“నేను పక్కనే ఉంటా గదమ్మే.”

“నువ్వు పక్కనే ఉండంగానే నీ వేలు తెగింది,” అంది అవ్వ. ఆ రోజుకు ఇక మాట్లాడలేదు.

నాకు పదమూడేళ్లు. మరుసటి రోజే తాత నా కాలి కింద ఉలి ఆనించే అడ్డకర్ర పెట్టి, ఉలి చేతికిచ్చాడు. మొదట బొంగరాలు, తర్వాత అప్పడాల కర్రలు. వంకరగా వచ్చినవి అవ్వ పొయ్యిలో పెట్టేది. వారం తిరిగేసరికి పొయ్యిలోకి పోయేవి తగ్గాయి.

అసలు కష్టం బోలు తీయడంలో ఉంది. బయట చెక్కేది కంటికి కనిపిస్తుంది. లోపల చెక్కేటప్పుడు ఎంత లోతు పోయామో కనిపించదు. అందుకు చీపురు ఈనె ఒకటి పెట్టుకునేవాళ్లు. ఈనె లోపలికి దించి, అంచు దగ్గర గోరు ఆనించి, బయటకు తీసి బరిణె పక్కన పెట్టి చూడాలి. అడుగుకు ఇంకా ఎంత మందం ఉందో తెలుస్తుంది. ప్రతి పది లాగులకూ ఒకసారి ఈనె దించాలి. ఆ పది లెక్కపెట్టాల్సింది తాడు లాగేవాళ్లు. చెక్కేవాళ్ల చూపు ఉలి మీద ఉంటుంది, వాళ్లు లెక్కపెట్టలేరు. మా వసారాలో పొద్దంతా అత్త గొంతు అదే. ఒకటి, రెండు, మూడు అంటూ పది దాకా, మళ్లీ ఒకటి. ఆ అంకెలు ఆమె ఒక రాగంలో అనేది. నాకు బడిలో కంటే ముందే అంకెలు వచ్చింది అందుకే.

అత్త బరిణె కోసం తాత ఒక కొయ్య దాచిపెట్టాడు. సంబంధం కూడా కుదరకముందు, మూడేళ్ల కిందట కొట్టి, అటక మీద నీడన ఆరబెట్టిన ముక్క. మోచెయ్యంత పొడవు కూడా లేదు. నా పని కుదురుకున్నాక ఒక రోజు దాన్ని దించి, మూతభాగం తానే దగ్గరుండి చేయించాడు. అది బాగా వచ్చింది. అడుగుభాగం పైరూపు కూడా వచ్చింది. లోపలి బోలు మాత్రం తాను వచ్చిందాకా ముట్టుకోవద్దని చెప్పి, కట్టు మార్పించుకోవడానికి పుంగనూరు పోయాడు.

నేను ఆగలేదు. తాత వచ్చేసరికి చేసి చూపించాలనిపించింది. అవ్వ చేను దగ్గరికి పోయింది. అత్త కూడా వద్దనలేదు. తాడు పట్టుకుని కూర్చుంది.

మొదట్లో బాగానే లెక్కపెట్టింది. నేను ఈనె దించుతూనే ఉన్నాను. ఎప్పుడు ఆగిందో నాకు గుర్తు లేదు. తాడు లాగుతూనే మాటల్లో పడింది. కుప్పంలో వాళ్లింట్లో తెల్లారి మూడు ఆవులు పితకాలంట. అక్కడ అరవం కలిపి మాట్లాడతారంట, తనకు సగం అర్థం కాదంట. అత్తగారు మంచిదేనంట. ఇవన్నీ నవ్వుతూనే చెప్పింది. తర్వాత నవ్వు ఆపింది.

“మే, నేను పోతే నువ్వెవుర్తోటి పండుకుంటావు?”

నేను ఉలి మీదనుంచి చూపు తీయలేదు. నీతోటే వస్తానన్నాను.

“వస్తే రానిస్తారా. నేనే ఈడ ఉండిపోతానంటే ఉండనిస్తారా,” అంది అత్త. లాగుతూనే ఉంది. నేను చెక్కుతూనే ఉన్నాను. ఆమె ముక్కు ఎగబీల్చడం వినపడుతోంది. అంకెలు లేవు. ఈనె నా ఒడిలోనే ఉంది.

చాలనిపించి, అడుగు గీత దగ్గర ఉలి పెట్టి విడగోశాను. బరిణె నా చేతిలోకి ఊడి వచ్చింది. అడుగు మాత్రం రాలేదు. గుండ్రటి బిళ్లగా ఇరుసు తలకే మిగిలిపోయింది. నేను గీత దాటి లోతుగా తవ్వేశాను. చేతిలో ఉన్నది కొయ్య కడియం. దాన్ని ఎత్తి చూస్తే అవతలినుంచి అత్త మొహం కనిపించింది. ఏడుస్తున్నదల్లా నోరు మూసుకుంది.

మూడేళ్లు ఆరిన కొయ్య. ఇంకో ముక్క లేదు. ఇద్దరం కలిసి దాన్ని కట్టెల కుప్పలో అడుగున దోపేశాం. మూతను అటక మీద పెట్టేశాం. తాత వచ్చి అడిగితే, బోలు పని రేపటికి ఉంచానని చెప్పాను. అబద్ధం చెప్పినప్పుడు నా గొంతు ఎంత మామూలుగా వచ్చిందో ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ రోజు పితికిపప్పు, సంగటి. అనపకాయల కాలం అది. నానబెట్టిన గింజలు అత్తా నేనూ పొద్దున్నే పితికి పెట్టాం. తాత ముందు కూర్చున్నాడు, పక్కన నేను. అవ్వ మజ్జిగ ముంత తెచ్చి మా మధ్య పెట్టింది. ముంత అడుగు గుండ్రంగా ఉంటుంది, కింద ఏదో ఒకటి లేకపోతే నిలబడదు. ఎప్పుడూ గుడ్డ చుట్ట పెట్టేది. ఆ రోజు ముంత నిటారుగా, కదలకుండా నిలబడింది. దాని కింద తెల్లగా, నున్నగా, నా కొయ్య కడియం ఉంది.

పొయ్యికి కట్టెలు లాగుతుంటే దొరికి ఉంటుంది. అవ్వ ఎవరి మొహమూ చూడకుండా వడ్డించుకుంటూ పోయింది. తాత మజ్జిగ కోసం ఎడమచెయ్యి చాపి, ముంత పట్టుకుని, కిందికి చూశాడు. చాలాసేపు చూశాడు. మజ్జిగ పోసుకున్నాడు. తాగాడు. ముంతను మళ్లీ ఆ కడియం మీదే సరిగ్గా పెట్టాడు.

“కుదురు బాగా కుదిరింది,” అంది అవ్వ. అంతే అంది.

నేను ఏడ్చాను. అత్త లేచి వచ్చి, తప్పు నాది నాయనా, లెక్క నేను ఆపేసినాను అని చెప్పింది. తాత చెయ్యి కడుక్కుని కొట్టాం వెనక్కి పోయి, మొన్న కొట్టిన పాలచెట్టు మొద్దులోంచి ఒక ముక్క కోయించి తెచ్చాడు. దాని మొనకు ఇంకా పాలు అంటుకుని ఉన్నాయి.

“ఇది పచ్చిది. పచ్చిదానికి ఓపిక కావల్ల. నీకు లేంది అదే,” అన్నాడు నాతో.

ఇంకా అయిదు రోజులు ఉన్నాయి. తాత చెప్పిన పద్ధతి ఇది. ఈ ముక్కలోంచే మూతా అడుగూ విడగోసి ఈరోజే బోలు తీసెయ్యాలి, గోడలు మందంగా వదలాలి. మూడు రాత్రులు రాగిపొట్టులో పూడ్చి ఆరనివ్వాలి. కొయ్య లోపలికి ముడుచుకుంటుంది, కోడిగుడ్డులా సాగుతుంది, భయపడకూడదు. నాలుగో రోజు మళ్లీ ఇరుసుకెక్కించి గుండ్రం చేసి లక్క పట్టాలి. మూత దిగే అంచు దగ్గర మాత్రం వెంట్రుకంత మందం ఎక్కువ వదిలెయ్యాలి. లక్క వేడికి కొయ్య ఆ రాత్రి ఇంకోసారి కదులుతుంది. పొద్దున లేచి నాలుగు లాగులు లాగి ఆ వెంట్రుక తీసేస్తే మూత సరిగ్గా దిగుతుంది. ఆ తర్వాతే బస్సు.

నాలుగు రోజులూ చెప్పినట్టే చేశాను. అత్త ఒక్క అంకె తప్పకుండా లెక్కపెట్టింది. మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఆ రోజుల్లో మాట్లాడుకుని ఉంటే ఎంత మాట్లాడుకునేవాళ్లమో. ఎదురెదురుగా కూర్చుని పది పది అంటూ గడిపేశాం. బరిణెను పొట్టులోంచి తీసేసరికి పచ్చివాసన తగ్గింది. నాలుగో రోజు మధ్యాహ్నం గుండ్రం చేశాను. ఎర్రలక్క పట్టించాను. మొగలి ఆకు రుద్దుతుంటే అందులో నా మొహం వంకరగా కనిపించింది. మూత కింద పసుపు గీత ఒకటి పెట్టాను. అది తాత చెప్పలేదు, నా సొంతం.

సాయంత్రం తాత మా నాయనను తోడుకుని రావడానికి రోడ్డు దగ్గరికి పోయాడు. మరుసటి రోజు అత్తను కుప్పం తీసుకుపోయేది నాయనే. నేను బరిణె ముందు కూర్చుని ఉన్నాను. మూత పెడితే సగానికి వచ్చి ఆగిపోతోంది. ఆ వెంట్రుక అడ్డం. పక్కింటి అమ్మలు అత్తను చూడటానికి వచ్చారు. బరిణె ఏదీ, పాప చేసిందంట కదా అని అడిగారు. మూత సగంలో ఆగిన బరిణె వాళ్లకు చూపించడం నాకు ఇష్టం లేకపోయింది.

“అత్తా, నాలుగు లాగులు,” అన్నాను.

“మీ తాత పొద్దున కదా చెయ్యమనింది?”

“నాలుగేలే.”

లాగింది. వెంట్రుక పోయింది. మూత దిగింది. దిగినప్పుడు లోపలి గాలి నెమ్మదిగా బయటకు పోయిన చప్పుడు వచ్చింది. పెదవులు కలిపి విడిచినట్టు. కొయ్య మీది చార పైనుంచి కిందికి కలిసింది. పక్కింటి అమ్మలు చేతులు మార్చుకుంటూ చూశారు. అవ్వ చేతికిచ్చాను. అవ్వ మూత పట్టి లేపింది, బరిణె వెంట వచ్చింది. బొటనవేలు పెట్టి తిప్పింది, తెరుచుకుంది. మూడుసార్లు చేసింది. తర్వాత లోపలికి పోయి కుంకుమ తెచ్చి నిండుగా పోసి, దేవుడి గూట్లో దీపం పక్కన పెట్టింది. రాత్రి అన్నం దగ్గర నా కంచంలో ఇంకొంచెం నెయ్యి పడింది. అవ్వ దగ్గర అది పెద్ద మాట.

తాత వచ్చి బరిణె చూశాడు. “మూత దించేసినావా?” అన్నాడు. దించేశానన్నాను. ఎడమచేతి వేళ్లతో అంచు తడిమి, గూట్లో పెట్టేశాడు.

తర్వాత చాలా జరిగాయి. అత్త కుప్పంలో నలుగురు బిడ్డల్ని కన్నది, వాళ్ల మాట అరవం కలిసినది, ఆమె మాట కూడా అలాగే మారింది. ఏడాదికి ఒకసారి, తర్వాత రెండేళ్లకు ఒకసారి వచ్చేది. వచ్చినప్పుడు ఆవుల గురించి చెప్పేది, బిడ్డల జ్వరాల గురించి చెప్పేది. బరిణె సంగతి ఆమె ఎత్తలేదు, నేను అడగలేదు. నాకు పెళ్లయి మదనపల్లెకు వచ్చాక మేము కలుసుకున్నది ఎక్కువగా ఎవరో పోయినప్పుడే. తాత పోయినప్పుడు, అవ్వ పోయినప్పుడు. ఆఖరుకు ఆమె పోయినప్పుడు నేను బస్సు దిగి నడిచి పోయేసరికి అంతా అయిపోయింది. మా ఊరి కడసలు గుంజల్ని ఎవరో గొర్రెల కంచెకు పాతుకున్నారు. పాలచెట్లు రోడ్డు వెడల్పులో పోయాయి. ఇప్పుడు అటువైపు పోతే అన్నీ టమాటా తోటలు. ఆ వసారా ఎక్కడుండేదో నేను చూపించగలను కానీ చూపించినా చూసేవాళ్లకు ఏమీ కనిపించదు.

ఒక్కోసారి నిద్ర పట్టనప్పుడు ఒకటి, రెండు, మూడు అనుకుంటాను. పది దాకా పోను. ఆరో ఏడో దగ్గర ఆమె గొంతు వినిపిస్తుంది, అక్కడ ఆపేస్తాను. నాకు ఇంట్లో అందరూ ఉన్నారు. ఎవరినీ తక్కువ చేయడం లేదు. కానీ ఎదురుగా కూర్చుని నా చేతికి తగ్గట్టు తన చెయ్యి కదిపిన మనిషి మళ్లీ ఒకరు లేరు.

ఆ మరుసటి పొద్దున ఏమయిందో చెప్పి ముగిస్తాను.

మంచు పట్టి ఉంది. అవ్వ అత్తకు బొట్టు పెట్టి, గూట్లోని బరిణె తీసి ఇవ్వబోయింది. మూత పట్టుకుని ఎత్తింది. మూత ఒక్కటే చేతికి వచ్చింది. బరిణె గూట్లోనే పక్కకు ఒరిగి, కుంకుమ సగం గూటి పలక మీద పడింది. రాత్రికి రాత్రి కొయ్య ముడుచుకుపోయింది. మూత వదులై అటూ ఇటూ ఆడుతోంది. కుంకుమ ఒలికిందని మా అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. అవ్వ మాత్రం తమలపాకు తెచ్చి, పలక మీది కుంకుమను ఒక్క పొడి మిగలకుండా తోడి బరిణెలో పోసింది. తాత కట్టుకోసం ఉతికి పెట్టిన తెల్లగుడ్డ పీలిక ఒకటి చించి, మూత చుట్టూ గట్టిగా కట్టింది.

ఇంకా బస్సుకు కొంచెం పొద్దు ఉంది. కానీ తీయడానికి ఇక అక్కడ వెంట్రుకంత కూడా మిగల్లేదు. కోసిన కొయ్యను ఎవరూ మళ్లీ అతికించలేరు.

అత్త బరిణెను కొంగులో పెట్టుకుంది. నా గడ్డం పట్టుకుని ఎత్తబోయింది. నేను తల ఎత్తలేదు.

“వదులైతే ఏమే, సుళువుగా తెరుచుకుంటాదిలే,” అంది. సిగ్గుతో రోడ్డు దాకా కూడా పోలేదు. వసారాలో గుంజ పట్టుకుని నిలబడ్డాను. బస్సు వచ్చి ఆగిన చప్పుడు, కదిలిన చప్పుడు విన్నాను.

తాతా అవ్వా తిరిగి వచ్చారు. తాత మొద్దులోంచి ఇంకో పచ్చిముక్క తెచ్చి ఇరుసు తలకు బిగించి, ఉలి నా ముందు పెట్టాడు. నేను అడ్డకర్ర మీద కాలు పెట్టి కూర్చున్నాను. తాడు నేలమీద పడి ఉంది. తాత చెయ్యి కట్టులో ఉంది. అమ్మ బిడ్డకు పాలిస్తోంది.

అవ్వ పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని, అత్త కూర్చునే చోట కూర్చుని, తాడు రెండు కొసలూ పట్టుకుంది. ఆమెకు లాగడం రాదు. మొదటిసారి తాడు ఇరుసు మీదనుంచి జారిపోయింది. రెండోసారీ జారింది. మళ్లీ చుట్టుకుంది. మూడోసారి కొయ్య తిరిగింది. నేను ఉలి ఆనించాను.